యాప్‌లో ‘పోలెన్ తక్కువ’ అంటే బెజవాడ గాలిలో ఏమున్నట్టు?

ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి కిందికి జరుపుతూ పోతే ఉష్ణోగ్రత, తేమ, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) అన్నీ అయ్యాక కొన్ని యాప్‌లలో ‘పోలెన్’, అంటే పుప్పొడి, అనే గడి ఒకటి వస్తుంది. గడ్డి: తక్కువ. చెట్లు: మధ్యస్థం. కలుపు మొక్కలు: తక్కువ. విజయవాడ అని కొట్టినా చూపిస్తుంది, గుంటూరు అని కొట్టినా చూపిస్తుంది, తెనాలి, మంగళగిరి అన్నా కాదనదు. పొద్దున లేస్తూనే వరసగా తుమ్మి, కళ్ళు నలుపుకుంటూ ఆ గడి చూసుకున్నవాళ్ళకు అనుమానం రావడం సహజం. గాలిలో ఏమీ లేకపోతే ఈ అవస్థ ఎందుకు?

అనుమానం సరైనదే. ఒకే తెర మీద పక్కపక్కనే కనిపించినా ఉష్ణోగ్రత అంకె, పోలెన్ అంకె పుట్టే తీరు వేరు. గన్నవరంలో వాతావరణ శాఖ పరికరాలున్నాయి, అక్కడ కొలిచిన వేడి మనదాకా వస్తుంది. పుప్పొడి సంగతి అలా కాదు. ఇవాళ బెజవాడ గాలిలో ఘనపు మీటరుకు ఇన్ని రేణువులున్నాయని మనం ఏ బులెటిన్‌లోనూ వినం. యాప్ చూపించేది లెక్క కట్టిన అంచనా. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం ఎంతుంది, ఆ నేలలో ఏ రకం మొక్కలు ఉండొచ్చు, రాబోయే నాలుగైదు రోజులు గాలీ వానా వేడీ ఎలా ఉంటాయి, వీటన్నిటినీ కలిపి కంప్యూటర్ ఒక మాట చెబుతుంది. అంచనా అయినంత మాత్రాన కొట్టిపారేయక్కర్లేదు, వాన సూచన కూడా అంచనానే. కాకపోతే వాన పడిందో లేదో మర్నాటికి తెలిసిపోతుంది, అంచనా కట్టే కంప్యూటర్ మోడల్‌కు తన తప్పు తెలుస్తుంది. పుప్పొడికి అలా సరిచూసే రోజువారీ లెక్క ఉంటేనే అంచనా మెరుగుపడేది.

ముందు దోషులెవరో చూద్దాం. మనవాళ్ళ కోపం ఎప్పుడూ కంటికి కనపడే పూల మీదికే పోతుంది. ఉగాది ముందు వేపపూత రాలితే వేప మీద, ఎండాకాలం దూది ఎగిరితే బూరుగు మీద. ఇవి చాలావరకు అమాయకపు చెట్లు. రంగూ వాసనా తేనే పెట్టుకుని పూసే పువ్వు పురుగుల్ని పిలుస్తున్నట్టు లెక్క. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగ కాలికి అంటుకుంటుంది గానీ గాలిలో పెద్దగా దూరం పోదు. బూరుగు దూది, జిల్లేడు దూది అయితే అసలు పుప్పొడే కావు, విత్తనాలను మోసుకెళ్ళే పోగులు. విశాఖలో ఏడాకులపాల చెట్లు పూసినప్పుడల్లా వాటిని కొట్టేయాలని గొడవ లేస్తుంది. ఆ వాసనకు తల పట్టేస్తుందనే వాళ్ళ మాట నిజమే కావచ్చు, కానీ అదీ పురుగుల మీద ఆధారపడ్డ చెట్టే. డివైడర్ల మీద పెంచే కోనోకార్పస్‌ను నాటొద్దని గుజరాత్ 2023లో ఆదేశించింది. దాని పుప్పొడి ఎంత హాని చేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. వేర్లు పైపుల్లోకి చొరబడతాయి, పక్షులకూ పశువులకూ ఆ చెట్టుతో పెద్దగా ఉపయోగం లేదు. వద్దనడానికి ఈ కారణాలు చాలని నా అభిప్రాయం.

గాలిని నమ్ముకున్న మొక్కలు వేరు. వాటి పూలు పూలలా ఉండవు కాబట్టి వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. గరిక వేళ్ళలా విప్పే సన్నటి కంకి పువ్వే. కృష్ణ లంకల్లో దసరా రోజుల్లో తెల్లగా విరగపూసే రెల్లు అదే జాతి. మనకు తెల్లగా కనిపించే వేళకే చాలా కంకుల్లో పుప్పొడి అయిపోయి గింజ పోగులు మిగిలి ఉంటాయి. ముళ్ళ తోటకూర, ఉత్తరేణి, ఆముదం ఖాళీ స్థలాల్లో దర్జాగా పెరిగేవే. ఆముదం మగపూలైతే ఎండకు పగిలి పుప్పొడిని ఎగజిమ్ముతాయి. సూర్యలంక, చీరాల తీరం వెంట ఉన్న సరుగుడు తోటలు పూర్తిగా గాలి మీద ఆధారపడి ఏడాదికి రెండు విడతలు పూస్తాయి.

రెండు పరాయి మొక్కల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకటి వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అన్నా అదే. 1950ల్లో పుణెలో మొదట కనిపించింది, అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని ఎక్కువమంది నమ్మకం. ఇప్పుడు అది లేని ఖాళీ ప్లాటు లేదు. దాన్ని తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. పురుగు బాగానే తింటుంది, మొక్క అంతకన్నా వేగంగా మొలుస్తుంది. దీని పుప్పొడి ఒక్కొక్క రేణువుగా కన్నా ముద్దలుగా ఎగురుతుంది, ముక్కుకే కాక చర్మానికీ పడదు. రెండోది సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలను మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం, మెట్ట నేలల పచ్చదనం కోసం సర్కారు తెచ్చిన చెట్టు కాబట్టి పేరు అలా నిలిచింది. తేనెటీగలు వాలే చెట్టే అయినా దీని పుప్పొడి గాలిలోకీ లేస్తుంది. దేశంలో చేసిన ఎలర్జీ పరీక్షల్లో ఇది పేరుమోసిన రకం.

ఇవన్నీ గాలిలో ఎంతున్నాయో తెలుసుకోవడం ఎలా? పుప్పొడి వల్లే తుమ్ములొస్తాయని 1873లో మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ తన ముక్కు మీదే ప్రయోగాలు చేసి తేల్చాడు. ఎత్తులో ఎంతుందో చూడ్డానికి గాలిపటాలకు జిగురు పలకలు కట్టి ఎగరేశాడు. ఇప్పటికీ ఎక్కువ దేశాల్లో వాడే పరికరం 1952లో జిమ్ హర్స్ట్ తయారుచేసిన ట్రాప్‌కు వారసురాలే. మేడ మీద పెట్టిన డబ్బా నిమిషానికి పది లీటర్ల గాలి పీలుస్తుంది, దాదాపు మన ఊపిరి లెక్కే. లోపల జిగురు పూసిన టేపు గంటకు రెండు మిల్లీమీటర్లు కదులుతుంటుంది. గాలిలో వచ్చినవి దానికి అంటుకుంటాయి. వారానికోసారి టేపు తీసి, ముక్కలు కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టాలి. ఏ గంటలో ఏ రేణువు పడిందో కూడా తెలుస్తుంది. ఇంత పని ఉంది కాబట్టే ‘ఇవాళ్టి’ లెక్క చాలాచోట్ల నిజానికి నిన్నటిదో మొన్నటిదో అయి ఉంటుంది. స్విట్జర్లాండ్ లాంటి చోట్ల లేజర్‌తో, కెమెరాతో అప్పటికప్పుడు గుర్తుపట్టే యంత్రాలు వచ్చాయి, కానీ వాటికి కూడా ముందుగా ఆ ఊరి పుప్పొడిని నేర్పాలి. యూరప్ మొక్కలు నేర్చుకున్న యంత్రానికి మన ఆముదం తెలియదు.

మైక్రోస్కోప్‌కీ ఒక చిక్కుంది. గడ్డి జాతి పుప్పొళ్ళన్నీ నున్నగా, గుండ్రంగా, ఒకే రంధ్రంతో దాదాపు ఒకేలా ఉంటాయి. మొక్కజొన్నను సైజును బట్టి పట్టేయొచ్చు, మిగతావాటి కన్నా చాలా పెద్దది. గరికనూ వరినీ రెల్లునూ విడదీయడం మాత్రం చేయి తిరిగినవాళ్ళకూ కష్టమే. అందుకే ప్రపంచమంతా ‘గడ్డి’ అని ఒక్క పద్దు కింద రాస్తారు. ఆ పద్దులో రేణువు ఊరి చివర పొలం నుంచి వచ్చిందో, మీ అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటు నుంచి వచ్చిందో తెలియదు.

ఇక ‘తక్కువ’, ‘ఎక్కువ’ అనే మాటలు. ఘనపు మీటరుకు 30 గడ్డి రేణువులుంటే బ్రిటన్‌లో దాన్ని మధ్యస్థం అంటారు, 50 దాటితేనే ఎక్కువ. అమెరికాలో వాడే కొలబద్దలో 20కే ఎక్కువ కింద లెక్క. అదే గాలి, అదే ముక్కు, రెండు తీర్పులు. ఆ హద్దులు అక్కడి మొక్కలు, అక్కడి రోగుల అనుభవం నుంచి వచ్చాయి. గుంటూరు వాళ్ళకు ఎన్ని రేణువుల దగ్గర ముక్కు మొదలవుతుందో ఇక్కడి లెక్కా ఇక్కడి రోగుల డైరీలూ పక్కపక్కన పెడితే తప్ప తేలదు.

చాలామంది ఏక్యూఐ బాగుంటే గాలి బాగున్నట్టే అనుకుంటారు. మన ఏక్యూఐలో ఎనిమిది కాలుష్యాలుంటాయి, పుప్పొడి లేదు. పీఎం10 అంటే పది మైక్రాన్ల లోపు కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గడ్డి పుప్పొడి 25 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి ఆ పరికరం మూతి దగ్గరే దాన్ని వడకట్టేస్తుంది. పచ్చ రంగు ఏక్యూఐ రోజున పుప్పొడి నిండుగా ఉండొచ్చు.

అసలు కథ సూచన దగ్గరుంది. రేపటి పుప్పొడి చెప్పాలంటే ఏ మొక్క ఎప్పుడు పూతకొస్తుందో తెలియాలి, పూత మీదున్న రోజుల్లో ఏ పూట పుప్పొడి వదులుతుందో తెలియాలి, వదిలింది గాలి ఎటు తీసుకెళ్తుందో తెలియాలి. చలి దేశాల్లో మొదటి ప్రశ్నకు మంచి సూత్రం దొరికింది. శీతాకాలం తర్వాత రోజురోజుకూ పోగయ్యే వేడిని కూడుకుంటూ పోతే ఒక అంకె దగ్గర బర్చ్ చెట్టు పూస్తుంది. జపాన్‌లో ఇంకా తేలిక: యుద్ధం తర్వాత కొండలనిండా ఎక్కువగా సుగి అనే దేవదారు లాంటి చెట్టునే నాటారు, ప్రధాన దోషి ఒక్కడే. గత వేసవి ఎంత ఎండ కాసిందో చూసి వచ్చే వసంతంలో పుప్పొడి ఎంతుంటుందో నెలల ముందే చెబుతారు.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ సూత్రం బోర్లా పడుతుంది. ఇక్కడ మొక్కను ఆపేది చలి కాదు, నీళ్ళు లేకపోవడం. ‘వేడిగా పొడిగా గాలి వీచే రోజు పుప్పొడి ఎక్కువ’ అన్న నియమంతో నడిచే మోడల్‌ను మే నెల బెజవాడ మీద వదిలితే హెచ్చరికలు కొట్టాలి. 45 డిగ్రీల ఎండలో గడ్డి ఎండి మాడిపోయి ఉంటుంది, పూయడానికి పచ్చ ఆకే ఉండదు. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక మొలిచిన గడ్డి, కలుపు ఎదిగి కంకి వేసేది ఆగస్టు నుంచి. పైగా మనకు వాన ఒక్క రుతుపవనంతో అయిపోదు, అక్టోబరులో ఈశాన్యం మళ్ళీ తడుపుతుంది, కలుపుకు రెండో పూత. కాబట్టి ఇక్కడ గడ్డి పుప్పొడికి అసలు సీజన్ చలి దేశాల్లోలా వసంతం చివర, వేసవి కాదు, ఉత్తర కార్తె నుంచి విశాఖ కార్తె దాకా, అంటే సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు అని చెప్పడం మొక్కల తీరుకు దగ్గరగా ఉంటుంది. కార్తెల్లో చెప్పడం పాతకాలపు సరదా కోసం కాదు. కార్తె సూర్యుడి లెక్క, తిథుల్లా జారిపోదు, రైతు పూతను దానితోనే గుర్తుపెట్టుకుంటాడు.

ఈ కాలంలోనే డెల్టాలో వరి ఈనుతుంది. కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాలు, అందులో బాపట్ల గడ్డ మీద పుట్టిన సాంబ మసూరి లాంటి దీర్ఘకాలపు రకాలు అక్టోబరు, నవంబరుల్లో పూత మీద ఉంటాయి. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పన్నెండు మధ్య తెరుచుకుని గంటలోపే మూసుకుంటుంది. అన్ని ఎకరాలంటే భయం వేస్తుంది గానీ వరి ఎక్కువగా స్వపరాగ సంపర్కమే, అంటే తన పుప్పొడితో తానే గింజ కడుతుంది, పుప్పొడిలో ఎక్కువ భాగం పదుల మీటర్లలోనే రాలిపోతుంది. గట్టు మీద నడిచే వాళ్ళకు తగిలినంతగా విజయవాడ నడిబొడ్డున బెంజ్ సర్కిల్‌కు రాదు. మొక్కజొన్నదీ అదే కథ. సార్వా వరి కోశాక దున్నకుండానే విత్తే జీరో టిల్లేజ్ మొక్కజొన్న ఫిబ్రవరి, మార్చిల్లో మగపూత తీస్తుంది. ఒక్కో మొక్క లక్షల్లో పుప్పొడి రాలుస్తుంది, అదీ బరువు వల్ల చేను దాటి ఎక్కువ దూరం పోదు. తెనాలి, కొల్లిపర చేల మధ్య ఇళ్ళున్నవాళ్ళకు అది నిజమైన ఇబ్బంది. బందరు రోడ్డు అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు పక్క ఖాళీ ప్లాటులో వయ్యారిభామ, గరిక అంతకన్నా పెద్ద సమస్య.

నేల మారడం ఇంకో చిక్కు. మోడళ్ళు ఎక్కడ ఏ మొక్కలున్నాయో ఒక పటం చూసి నమ్ముతాయి. అమరావతికి 2015లో భూములు ఇచ్చాక సాగు ఆగిన పొలాల్లో ఏళ్ళ తరబడి సర్కారు తుమ్మ, కలుపు అడవిలా లేచాయి. 2024లో జంగిల్ క్లియరెన్స్ అని వేల ఎకరాల్లో దాన్ని నరికేశారు. అంటే కృష్ణకు అవతలి ఒడ్డున పుప్పొడి వనరులు పదేళ్ళలో రెండుసార్లు తలకిందులయ్యాయి. పాత పటంతో నడిచే మోడల్ అక్కడ ఇప్పటికీ అరటి తోటల్ని చూస్తుండవచ్చు.

గాలీ వానా కూడా మనం అనుకున్నంత సూటిగా పనిచేయవు. సముద్రం మీది గాలిలో పుప్పొడి తక్కువే. కానీ మధ్యాహ్నం దాటాక వచ్చే సముద్రపు గాలి విజయవాడ చేరేసరికి డెబ్బై కిలోమీటర్ల డెల్టా దాటి వస్తుంది, దారిలో పోగేసుకుంటూ. శీతాకాలం ఉదయాల్లో గాలి కదలక నేలకు పట్టి ఉంటుంది, పొగతో పాటు పుప్పొడీ కిందే తిరుగుతుంది. మామూలు వాన గాలిని కడిగేస్తుంది, ఎలర్జీ వాళ్ళకు ఆ తర్వాతి కొన్ని గంటలు హాయి. ఉరుముల వాన సంగతి తిరకాసు. తేమ తాగిన గడ్డి పుప్పొడి పగిలి లోపలి పిండి కణాలు బయటపడతాయి, అవి మూడు మైక్రాన్ల లోపే. రేణువుగా ఉన్నప్పుడు ముక్కులో ఆగిపోయేది ముక్కలయ్యాక ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివాన తర్వాత వేలమంది ఆయాసంతో ఆస్పత్రులకు పరుగెత్తారు, పది మంది చనిపోయారు. ఎప్పుడూ ఉబ్బసం లేనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. తర్వాత ఆ రాష్ట్రం గాలివాన ఆస్తమాకు ప్రత్యేకంగా సూచనలు మొదలుపెట్టింది. ఆ తర్కాన్ని ఇక్కడికి తెస్తే మే నెల ఈదురుగాలుల కన్నా గడ్డి పూత మీదున్న అక్టోబరు ఉరుముల వాన రోజునే ఉబ్బసం ఉన్నవాళ్ళు కిటికీలు మూసుకుని, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇంత చెప్పాక అసలు తుమ్ము పుప్పొడిదేనా అని కూడా అడగాలి. గుంటూరులో ఆ ప్రశ్న మరీ అవసరం. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తే రోజుల్లో ఆ చుట్టుపక్కల ముక్కు మంట ఎలర్జీ కాదు. మిర్చిలోని క్యాప్సైసిన్ నేరుగా నరాల్ని రెచ్చగొడుతుంది. ఘాటుకు యార్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ తుమ్ముతారు, పుప్పొడికి కొందరే తుమ్ముతారు. మంట ఉంటే ఘాటు, కళ్ళూ అంగిలీ దురద పెడితే ఎలర్జీ, ఈ తేడా చాలాసార్లు పనికొస్తుంది. ఏడాది పొడుగునా, ముఖ్యంగా పరుపు మీంచి లేచిన వెంటనే వచ్చేదైతే ధూళి పురుగుల్ని అనుమానించాలి. అవి తేమను బట్టి బతుకుతాయి, కోస్తాలో తేమకు కొదవేముంది. బూజు బీజాలు ఇంకొకటి. గాలిలో లెక్కపెడితే పుప్పొడి కన్నా ఇవే ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు రోజుల తరబడి నిలిచిన సింగ్‌నగర్ లాంటి చోట్ల గోడలు ఆరేదాకా ఇంట్లోనే బూజు తయారవుతుంది. చాలా యాప్‌ల పోలెన్ గడిలో బూజు ఉండదు. మేడ మీద ట్రాప్ పెడితే మాత్రం అదే టేపు మీద బూజు బీజాలూ పడతాయి, రెంటినీ లెక్కపెట్టొచ్చు.

మరి ఇక్కడ సూచన మొదలుపెట్టాలంటే ఏం కావాలి? సూచన కన్నా ముందు క్యాలెండర్ కావాలి. చండీగఢ్‌కు 2022లో అక్కడి వైద్య సంస్థ పీజీఐ, పంజాబ్ యూనివర్సిటీ కలిసి అలాంటిది తయారుచేశాయి, ఏ నెలలో ఏ మొక్క పుప్పొడి గాలిలో ఉంటుందో ఒక్క పటంలో. రెండేళ్ళ టేపు లెక్కతో అది సాధ్యమైంది. మనకు విజయవాడ, గుంటూరు మధ్యలో నాగార్జున యూనివర్సిటీ ఉంది, లాంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. రెండు ట్రాప్‌లు, ఓపికగా మైక్రోస్కోప్ దగ్గర కూర్చునే ఇద్దరు మనుషులు, వాళ్ళకు ఆగకుండా జీతం. కష్టమంతా చివరిదానిలోనే. చాలా చోట్ల ఇలాంటి లెక్కలు ప్రాజెక్టు డబ్బుతో మొదలై ప్రాజెక్టుతోనే ఆగిపోతాయి, సూచనకు కావాల్సింది ఆగని లెక్క.

వేరే రాష్ట్రాలకు తేలిగ్గా దొరకని వనరు ఒకటి మన చేతిలో ఉందని నాకనిపిస్తుంది: రాష్ట్ర ప్రభుత్వపు పంట నమోదు, ఈ-క్రాప్. ఏ సర్వే నంబరులో ఏ పంట ఎప్పుడు వేశారో ఊరూరా నమోదవుతోంది. విత్తిన తేదీ తెలిస్తే పూత తేదీ వారం అటూ ఇటూగా తెలిసినట్టే. మొక్కజొన్న, వరి ఊళ్ళకు ‘వచ్చే వారం మీ చుట్టూ పూత’ అని చెప్పడానికి ఉపగ్రహం కూడా అక్కర్లేదు. కలుపుకూ తుమ్మకూ మాత్రం ఇలాంటి రిజిస్టర్ లేదు, అక్కడ టేపే గతి.

ఈ లెక్కలు అందరికన్నా ముందు అక్కరకొచ్చేది ఎలర్జీ డాక్టర్లకు. చర్మ పరీక్షలో చేతి మీద పుప్పొడి సారం చుక్కలు వేసి, సూదితో పైపైన గుచ్చి, పావుగంటలో దద్దురు లేచిందో లేదో చూస్తారు. ఆ రోజుకు ముందు సెట్రిజిన్ లాంటి మాత్రలు ఎన్నాళ్ళు ఆపాలో డాక్టరే చెబుతారు, మాత్ర వేసుకుని వెళితే దద్దురు లేవదు. ఏ పుప్పొళ్ళ చుక్కలు వేయాలన్నది మాత్రం ఆ ఊరి గాలిని బట్టి ఎంచుకోవాలి. ఇక్కడ లేని చెట్టు చుక్క వేస్తే ఫలితం సున్నా వస్తుంది, రోగి ‘నాకు పుప్పొడి ఎలర్జీ లేదట’ అని ఇంటికి పోయి సర్కారు తుమ్మ పక్కనే నిద్రపోతాడు.